ఇవాళ మంజుల ఏడవలేదు

1962 జూన్ 18

పట్నం నుంచి పొద్దుగూకే వేళకు వచ్చి పడ్డాం. కట్టంగూర్ దాకా నిలబడే వచ్చాను, కాళ్లు కాళ్లలా లేవు. అయినా ఇవాళ్టి సంగతి రాసుకోకుండా ఉండలేను.

మంజుల పళ్లకు తీగ వేశారు. ఒక్కొక్క పంటికీ సన్నటి రేకు చుట్టి, వాటన్నిటినీ కలుపుతూ తీగ బిగించారు. అద్దంలో చూసుకుని "ముండ్లకంచె లెక్కున్నదమ్మా" అంది. నాకు నవ్వాగలేదు. నవ్వేటప్పుడు కొంగు మాత్రం నోటికి అడ్డం వచ్చేసింది. చిన్నప్పటి నుంచీ అంతే, చెయ్యి నన్ను అడగదు.

ఈ ఎత్తుపళ్లు నాకు మా నాయిన ఇచ్చిన ఆస్తి. నేను మంజులకు ఇచ్చాను. బళ్లో నన్ను పార అని పిలిచేవాళ్లు. పెళ్లయిన కొత్తలో నా మొగుడు ఐలేశం బావమరుదుల ముందు "గిది మూతవడని సందుగ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడాయన జడ్చర్లలో ఇంకో ఆమెతో ఉన్నాడు. ఆమె పళ్లు చాలా బాగుంటాయని చూసొచ్చిన వాళ్లు పనిగట్టుకుని చెప్పారు. ఆయన సంగతి ఇక్కడెందుకు.

నా బిడ్డకు పదమూడేళ్లు. అది నోటికి ఏమీ అడ్డం పెట్టుకోకుండా నవ్వాలి. ఏ దేవుణ్ణీ ఇంకేమీ అడగను.

డాక్టరు పెద్దాయన, నిమ్మళంగా మాట్లాడతాడు. "తీగె బిగిచ్చినంక మూడు నాలుగు దినాలు నొస్తదమ్మా. గోరువెచ్చటి ఉప్పు నీళ్లతోని పుక్కిలించాలె. మెత్తగ తినాలె. తీగె కొస యాడన్న గుచ్చుకుంటే దాని మీద గీ మైనం జర అద్దాలె. నాలుగు దినాలైనా నొప్పి తగ్గకుంటే మాత్రం ఆగొద్దు, బస్సెక్కి రావాలె. తక్లీఫ్ దాచిపెట్టొద్దు" అన్నాడు.

సరేనన్నాను. బయట బల్ల మీద ఒకామె ఏడుస్తూ కూర్చుంది. ఆమె కూతురి చిగుళ్లకు చీము పట్టిందని తీగలన్నీ తీసేశారట. "మళ్ల వెయ్యరంట చెల్లె, గట్లనే ఉండాల్నంట" అంది. ఆమె పక్కన కూర్చోకుండా లేచి వచ్చేశాను.

జూన్ 19

ఏడ్చింది. జావ కూడా ముట్టలేదు.

జూన్ 20

ఏడ్చింది. ఉప్పు నీళ్లు, మైనం, లవంగం. అన్నీ అయ్యాయి.

జూన్ 23

డాక్టరు చెప్పినట్టే తగ్గింది. పప్పులో మెత్తగా పిసికి పెడితే గిన్నె ఖాళీ చేసింది. అత్తమ్మ చూసి "సంటిపిల్లకు వెట్టినట్టు వెడుతున్నవు" అని దెప్పింది.

మా అత్త గుర్వమ్మ సంగతి ఒకటి రాయాలి. కొడుకు నన్ను వదిలి పోయినప్పుడు ఆమె కొడుకు వెంట పోలేదు. "వాడు వోతే వోనీ, కోడలు నాతోనే ఉంటది" అని నలుగురిలో చెప్పింది. గొర్రెల మందతోనే ఆమె బతుకంతా గడిచింది. ఇప్పుడు మోకాళ్లు పోయాయి. మందను మరిది భిక్షం చూసుకుంటున్నాడు. నేను బళ్లో పాఠాలు చెప్పడానికి పోతే ఇల్లూ మంజులా ఆమె మీదే. నోరు చెడ్డది, చెయ్యి మంచిది. నేనూ తక్కువ తిన్నదాన్నేమీ కాను, అందుకే మా ఇంట్లో రోజూ ఒక పంచాయితీ.

జూలై 17

నిన్న రెండోసారి తీగ బిగించి వచ్చాం. డాక్టరు కొలిచి చూసి "పండ్లు కదులుతున్నయమ్మా, అచ్ఛా చల్ రహా హై, మంచిగ నడుస్తాంది" అన్నాడు. ఇంటికొచ్చి నేనే వెలుతురులో పెట్టి చూశాను. నిజమే. ముందు రెండు పళ్లూ వెనక్కి జరిగాయి. మంజుల పెదవులు మూసుకుంటే ఇప్పుడు మూతపడుతున్నాయి!

ఈ బతుకమ్మకు చప్పట్లు కొడుతూ నోరారా పాడుతుంది చూడండి. ఎవరిని చూడమంటున్నానో, ఈ పుస్తకం చదివేది నేనొక్కదాన్నే.

జూలై 21

నొప్పి తగ్గలేదు. ఈసారి పళ్లు కాదట, ఎడమ చెంప లోపల, బాగా వెనక. "తీగె కొస గుచ్చుకుంటాందమ్మా" అంటుంది. వేలు పెట్టి తడిమితే తగిలింది. మైనం అద్దాను. అన్నం తినేసరికి ఊడిపోయింది. మళ్లీ అద్దాను. మైనం అయిపోవచ్చింది.

నాలుగు రోజులు దాటాయి. అయినా నాలుగంటే నాలుగేనా? ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కో తీరు. పైగా వచ్చే వారం బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. సెలవంటే హెడ్మాస్టరు రామచంద్రం సారు మొహం ఎలా పెడతాడో నాకు తెలుసు.

పోతే డాక్టరు ఏమంటాడో కూడా తెలుసు. ఆ బల్ల మీద కూర్చున్నామె రోజూ గుర్తొస్తోంది.

జూలై 23

మంజులను కొట్టాను. గిన్నె విసిరికొట్టింది, జావ గోడంతా పడింది. "తీసెయ్యమను, నాకొద్దు" అని ఒకటే ఏడుపు. "వద్దా? నా లెక్క అయితవా మరి? ఊరందరితోని పార అనిపిచ్చుకుంటవా?" అని వీపు మీద ఒక్కటిచ్చాను. తర్వాత ఇద్దరం ఏడ్చాం.

అత్తమ్మ వాకిట్లోంచి అంతా విన్నది. లోపలికి వచ్చి నడుముకు దోపుకున్న వక్కాకు సంచి విప్పి, అందులోంచి చిన్న రేకు డబ్బీ తీసింది. ఆ డబ్బీ ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. నల్లమందు. మోకాళ్ల నొప్పులకు ఎప్పటి నుంచో వేసుకుంటోంది. అది అమ్మే సర్కారు దుకాణాలు ఎత్తేసినా, గొర్రెల బేరగాడు మారయ్య హుజూర్‌నగర్ దిక్కు నుంచి తెచ్చిస్తూనే ఉన్నాడు.

"ఆవగింజంత వెట్టు. పిల్ల పండుకుంటది" అంది.

"నీకేమన్న మతి ఉన్నదా అత్తమ్మా?"

"నేను గొర్రెలెంబడి పోయేటప్పుడు నీ మొగనికి ఆవగింజంత వెట్టి, చెట్టుకు తొట్లె కట్టి పోయేదాన్ని. పొద్దుగూకేదాంక కండ్లు తెరవకపోయేటోడు. కలుపుకు వోయే ఆడోళ్లందరు గంతే. గీ ఊర్ల పిల్లలందరు గట్లనే పెరిగిండ్రు. ఎవలన్న సచ్చిండ్రా?"

"సచ్చినోళ్లు వచ్చి చెప్తరా?" అని అరిచాను. డబ్బీ మూసేసి, మూతి ముడుచుకుని పోయింది. చదువుకున్నదాన్ని, నలుగురు పిల్లలకు బుద్ధులు చెప్పేదాన్ని, నాకు చెప్పే మాటేనా అది!

జూలై 24

ఆవగింజంత. తేనెలో. ఈ ఒక్కసారికే.

జూలై 25

ఇవాళ మంజుల ఏడవలేదు.

జూలై 26

ఇవాళ కూడా ఏడవలేదు. మెత్తటి అన్నం తిన్నది, బడికి వచ్చింది, ఇంటికొచ్చి పడుకుంది. ఇన్‌స్పెక్టరు నా తరగతి చూసి మెచ్చుకున్నాడు. ఇంట్లో నెమ్మది ఉంటే బడిలో పని దానంతట అదే సాగుతుంది.

జూలై 29

ఊరికే ఆలోచిస్తున్నాను. దవాఖానాలో మాత్రం ఇచ్చేదేమిటి? వాళ్లిచ్చే గోలీలో ఏముందో మనకు తెలుసా? తెల్లగా ఉంటే మందు, నల్లగా ఉంటే విషమా? నేను అత్తమ్మలా కంటితో చూసి పెట్టడం లేదు. ఆవగింజ పక్కన పెట్టుకుని, దానంతే గిల్లి పెడుతున్నాను. మోతాదు తెలిసి పెట్టేదానికీ తెలియక పెట్టేదానికీ తేడా లేదా?

డాక్టరు చెప్పిందేమిటి? నొప్పి తగ్గకపోతే రమ్మన్నాడు. తగ్గింది కదా.

ఆగస్టు 2

ఆవగింజకు తెల్లవారేసరికే మళ్లీ మూలుగుతోంది. కొర్రగింజంత పెట్టాను. రెండింటికీ ఎంత తేడా, ఏమీ లేదు.

ఇవాళ మంజుల ఏడవలేదు.

ఆగస్టు 6

అండాలు అని మంజుల స్నేహితురాలు ఒకతి ఉంది. వడ్రంగి వాళ్ల పిల్ల, నోట్లో మాట దాగదు. నీళ్ల దగ్గర నన్నాపి "పంతులమ్మా, మంజి బళ్లె కూసున్న కాడనే నిద్రవోతాంది. సారు లేపితే గూడ లేస్తలేదు" అంది.

"నువ్వు పాఠం వింటున్నవా, మంజి మొకం చూస్తున్నవా?" అని గదిమాను. మొహం మాడ్చుకుని పోయింది. వయసు పిల్లలకు నిద్ర ఎక్కువే. నేనూ ఆ వయసులో రోలు మీద కూర్చుని నిద్రపోయేదాన్నట.

ఆగస్టు 12

సజ్జగింజంత, రెండు పూటలా.

ముక్కు ఒకటే గోక్కుంటోంది. కడుపు బిగిసింది, ఆముదం పట్టించాను. వానాకాలం, ఊరంతా ఏదో ఒకటి ఉంది.

ఆగస్టు 16

ఇవాళ పట్నం పోవలసింది, మూడోసారి తీగ బిగించాలి. వాగు పొంగి బస్సు రాలేదట.

ఆగస్టు 17

బస్సు వచ్చిందట. తడిసిన రోడ్డు, ఏం నమ్మకం. వచ్చే వారం చూద్దాం.

ఆగస్టు 20

ఐలేశం వచ్చాడు. తల్లిని చూడడానికట. నాతో మాట్లాడే మొహం లేక దడి దగ్గరే నిలబడ్డాడు. మంజులను పిలిచి గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూశాడు, సంతలో గొర్రెను చూసినట్టు. అది చూపెట్టమన్నట్టే పళ్లు చూపెట్టింది.

"మంచిగైతున్నయి. బిడ్డ నీ లెక్క గాకుండ దప్పిచ్చుకుంది పో" అన్నాడు నాతో.

ఒళ్లు మండిపోయింది. కానీ ఆయన పోయిన తర్వాత పొయ్యి దగ్గర కూర్చుని ఆ మాటే మళ్లీ మళ్లీ అనుకున్నాను. నా లెక్క కాకుండా. ఆయన నోటితోనే అనిపించాను. గెలిచాను.

"పిల్ల గుడ్లు గట్లున్నయేంది?" అన్నాడు పోతూ పోతూ. పరీక్షకు చదువుతోందని చెప్పాను.

ఆగస్టు 27

మంజుల చెంపలు నిండాయి. మొన్నటిదాకా పుల్లలా ఉండేది. ఎడమ చెంప కొంచెం ఎక్కువ నిండింది, ఆ పక్కకు తిరిగి పడుకుంటుంది కాబట్టి. అత్తమ్మ మిరపకాయలతో దిష్టి తీసింది. నిప్పుల్లో వేసినా ఘాటు రాలేదు, దిష్టి బాగా తగిలిందంది.

జొన్నగింజంత.

ఇవాళ మంజుల ఏడవలేదు.

ఆగస్టు 31

అండాలు మంజుల పక్కన కూర్చోవడం మానేసింది. ఎందుకని అడిగితే "వాసనొస్తాంది పంతులమ్మా" అంది నేల చూస్తూ.

ఆ తీగల సందుల్లో అన్నం మెతుకులు ఇరుక్కుంటాయి, వాసన రాకుంటే ఏమొస్తుంది? లవంగం చప్పరించమన్నాను. వేప పుల్ల చితగ్గొట్టి ఇచ్చాను. నేనే తోముదామని నోరు తెరవమంటే కొంచెమే తెరిచింది. బద్ధకం.

సెప్టెంబర్ 3

ఇవాళ ఒక సంగతి జరిగింది. రాయాలా వద్దా అనుకుంటున్నాను.

పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే వెనక నుంచి వచ్చి "అమ్మా, గింజ" అని చెయ్యి చాపింది. నేను పిలవలేదు. నొస్తోందా అంటే లేదంది. మరెందుకే అంటే చాపిన చెయ్యి తియ్యలేదు.

ఇవాళ లేదు, రేపు కూడా లేదు పో అన్నాను. చీపురుతో బెదిరించాను.

మధ్యాహ్నానికి ఆవులింతలు మొదలయ్యాయట. ముక్కు కారింది, కళ్లు కారాయి. కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది. తాగిన జావ కక్కేసింది. ఒళ్లంతా చలి, ఒళ్లంతా చెమట. బడి నుంచి వచ్చేసరికి నులక మంచం పట్టె పట్టుకుని వణుకుతోంది. నన్ను చూసి కాళ్లు పట్టుకుంది. నా బిడ్డ నా కాళ్లు పట్టుకుంది.

జలుబు చేసిందనుకుంటా. వానలో తడిసింది మొన్న.

పెసరగింజంత.

సెప్టెంబర్ 4

ఇవాళ మంజుల ఏడవలేదు.

సెప్టెంబర్ 9

అత్తమ్మ డబ్బీ తెరిచి చూసి నన్ను పిలిచింది. "మారయ్య తెచ్చి పదిదినాలు గాలే, అడుగు గనవడుతాంది. నా చెయ్యేనా ఇది?" అంది.

నేను పొయ్యిలోకి పుల్లలు ఎగదోశాను.

"ఎంత వెడుతున్నవే?"

"పెసరగింజంత."

"ఒక పూటనా?"

"రెండు పూటలు."

డబ్బీ అడుగు వేలితో తడిమింది. "సంటిపిల్లకు వెట్టేది ఆవగింజ. పాలు మరిచేదాంకనే. తర్వాత బంద్. నేను జెప్పలేదా నీకు?" అంది.

"చెప్పలేదు."

"అడిగినవా? నువ్వు సదువుకున్నదానివి గదా, నీకు దెల్వదా?"

నోటికొచ్చినట్టు అన్నాను. నువ్వు మొదలు పెట్టమంటేనే పెట్టాను అన్నాను. నీ కొడుకును మత్తులో పెంచావు కాబట్టే వాడు అలా తయారయ్యాడని కూడా అన్నాను. ముసలామె డబ్బీ నా ముందు పెట్టేసి వాకిట్లోకి పోయి కూర్చుంది. ఇవాళ తనకు వేసుకోలేదు. మోకాళ్లు రాసుకుంటూ కూర్చుంది.

డబ్బీలోది అట్లాగే వదిలేస్తే చీమలు పడతాయి. ఆకులో చుట్టి నా కొంగున ముడి వేసుకున్నాను.

సెప్టెంబర్ 12

మంజుల నోరు వేలు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు. జావ ఒక్కటే, అదీ చెంచాతో పెదవి పక్క నుంచి. ఎడమ దవడ కింద గట్టిగా ఉంది. నొక్కితే నొస్తోందా అని అడిగాను. లేదంది. గట్టిగా నొక్కాను. లేదంది.

నొస్తలేదంటే మంచిదే కదా.

ఓర్చినమ్మకు తేట నీళ్లు అంటారు. ఇన్నాళ్లు ఓర్చాం. ఇంకొన్ని నెలలు ఓర్చుకుంటే తీగలు వాళ్లే తీసేస్తారు, పళ్లు నిలబడిపోతాయి. ముందు పళ్లు ఎంత చక్కగా వచ్చాయో. నిద్రపోతుంటే పై పెదవి కొంచెం ఎత్తి చూశాను. ఒక్క వరసలో ఉన్నాయి. ఎంతసేపు చూశానో.

సెప్టెంబర్ 14

జ్వరం. కందిగింజంత.

సెప్టెంబర్ 15

జ్వరం. ఏడవలేదు. పిలిస్తే పలకడం కూడా తగ్గింది.

సెప్టెంబర్ 16

గొంతు మారింది. నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడినట్టు ఉంది. దవడ కింద వాపు మెడ దాకా దిగింది, ఎర్రగా, రాయిలా. ఉమ్మి మింగలేక పక్కకు కారుస్తోంది. భిక్షం మంద కొట్టుకుని వచ్చి దాన్ని చూసి, నన్ను చూసి, "వదినె, ఇంక దేనికి సూస్తున్నవు?" అన్నాడు.

రేపు మొదటి బస్సుకు పోతున్నాం. అత్తమ్మ కూడా వస్తానంది. ఆ మోకాళ్లతో ఎట్లా అంటే "పాకుకుంటనన్న వస్త" అంది.

సెప్టెంబర్ 17, దవాఖానా

వరండాలో కూర్చుని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇన్నాళ్లు రాసింది అలా రాయలేదు.

బస్సులో మంజుల తల నా ఒళ్లో ఉంది. ఊపిరి గుర్రుమంటోంది. మధ్యలో ఒకసారి కళ్లు తెరిచి నా కొంగు ముడి వైపు చూసింది. బస్సెక్కే ముందు పెట్టాను కదే అన్నాను. మళ్లీ కళ్లు మూసుకుంది.

డాక్టరు మమ్మల్ని చూడగానే బల్ల మీది పిల్లను లేపేసి మంజులను పడుకోబెట్టాడు. చెంచా కాడతో చెంప పక్కకు జరిపి, దీపం పెట్టి చూశాడు. తీగ కొస చెంప కండలోకి దిగిపోయిందట. దాని మీద కండ పెరిగిందట. కింద చీము దవడ నుంచి మెడలోకి దిగుతోందట. ఇంకో రోజు ఆగితే గాలి గొట్టం మూసుకుపోయేదట.

"ఎన్ని దినాల సంది నొస్తాంది బిడ్డా?" అని అడిగాడు.

"నొస్తలేదు సార్" అంది మంజుల.

డాక్టరు చెయ్యి ఆగింది. "గింతున్నది. నొస్తలేదా?"

"నొస్తలేదు."

అప్పుడు దాని కంటిరెప్ప ఎత్తి చూశాడు. రెండో కన్ను కూడా చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. తిట్టలేదు. "అమ్మా, ఇప్పుడు సూది మందు ఇచ్చి కొయ్యాలె. ముందుగాల్నే ఒంట్ల ఏదన్న మత్తు ఉన్నదనుకో, దాని మీద ఇది వడ్తే ఊపిరి ఆగుతది. అందుకే అడుగుతున్న. ఏమన్న వెట్టినరా?"

"లవంగం" అన్నాను.

"ఇంకా?"

"ఇంకేమీ లేదు."

మంజుల నన్ను చూసింది. నన్ను బయట కూర్చోమని దాన్ని లోపలికి తీసుకుపోయారు, తలుపు వేశారు.

ఎందుకన్నానో రాయాలి. పంతులమ్మను కాబట్టి. బల్ల చుట్టూ ఇంకో ఇద్దరు తల్లులు నిలబడి ఉన్నారు కాబట్టి. చెప్తే తీగలు పీకేస్తారేమో అనుకున్నాను కాబట్టి. అవును, అప్పుడు కూడా నా బుద్ధి ఆ తీగల మీదే ఉంది. థూ నా బతుకు.

బయట బల్ల మీద అత్తమ్మ అడిగింది. "చెప్పినవా?"

నేను కొంగు ముడి పట్టుకుని కూర్చున్నాను.

"చెప్పినవానే?"

ఆమె గోడ పట్టుకుని లేచింది. ఒక అడుగు వేసింది, మోకాలు మడత పడి నేల మీద కూలబడింది. అక్కడి నుంచి నిజంగానే పాకుతూ తలుపు వైపు పోసాగింది. "అయ్యా, డాక్టరయ్యా" అని పిలుస్తోంది, ఆ గొంతు రెండు గదులు కూడా దాటదు.

నేను ఆమెను దాటి ఉరికాను. తలుపు తోసుకుని లోపలికి పడ్డాను. నర్సు అడ్డం వచ్చింది, నెట్టేశాను. డాక్టరు చేతిలో సూది ఉంది.

"నల్లమందు వెట్టిన సార్! ఆగుండ్రి, నల్లమందు వెట్టిన!"

సూది కింద పెట్టాడు. కొంగు ముడి విప్పబోతే చేతులు రాలేదు, పళ్లతో విప్పాను. ఆకు తెరిచి ఆయన ముందు పెట్టాను.

"ఎంత?"

"కందిగింజంత. రెండు పూటల. ఇయ్యాల పొద్దుగాల గూడ."

"ఎన్ని దినాల నుంచి?"

"తీగె గుచ్చుకున్నప్పటి నుంచి."

ఆయన సూదిలో ఉన్న మందంతా గిన్నెలోకి పిచికారీ చేసేశాడు. "ఇది ఇచ్చుంటే పిల్ల బల్ల మీద్నే పోయేదమ్మా" అన్నాడు. తర్వాత నర్సుతో ఏదో చెప్పి, "చిగురుకాడ జర తిమ్మిరెక్కించి కోస్త. నొప్పి తెలుస్తది. తెలవాలె గూడ. మీరు బయట ఉండుండ్రి" అన్నాడు.

బయటికి వస్తూ చూశాను. మొదట తీగలే తీస్తున్నారు. కత్తిరించి ఒక్కొక్కటే పింగాణీ గిన్నెలో వేస్తున్నారు. పళ్ల వైపు చూడలేదు.

అత్తమ్మను లేపి బల్ల మీద కూర్చోబెట్టాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. గడ్డ కోస్తారు, అది నొస్తలేదంటుంది, అలాగే పోతుంది అనుకున్నాను. ఎప్పుడూ మొక్కనట్టు మొక్కాను. ఏడవనియ్యి దేవుడా, నా బిడ్డను ఏడవనియ్యి అని మొక్కాను.

అప్పుడు అరిచింది. "అమ్మా" అని అరిచింది. వరండాలో వాళ్లందరూ ఉలిక్కిపడి చూశారు. మళ్లీ అరిచింది. అత్తమ్మ చెవులు మూసుకుంది. నేను మూసుకోలేదు, ప్రతి అరుపూ విన్నాను.

నర్సు తలుపు సందులోంచి తల పెట్టి "భయపడకుండ్రి, ఊపిరి మంచిగ ఆడుతాంది. మత్తు దిగేదాంక ఇంకా నాలుగైదు దినాలు గిట్లనే ఏడుస్తది, ఆ మందు గావాలని గూడ ఏడుస్తది. ఇయ్యొద్దు" అని చెప్పి పోయింది.

నా కొంగున ఇప్పుడు ముడి లేదు.

ఇవాళ మంజుల ఏడ్చింది. ఇంకా ఏడుస్తూనే ఉంది.